ఎర్రనూలు కట్టిన పాతిక చెట్లు

ఆకుల మీద మచ్చలు లెక్కపెట్టడం నా మొదటి ఉద్యోగం. నగరిలో మా ఇంట్లో ఈ మాట చెప్పిన రోజు మా నాయన గుంటమగ్గం మీద కూర్చుని నేస్తున్నాడు. నాడె ఆపి నా వైపు తిరిగాడు.

“మచ్చలు లెక్కబెట్టేదానికి జీతమిస్తారా?”

“ఇస్తారు నాయనా.”

“మచ్చలు లేకపోతే?”

“లేవని రాసిచ్చినా ఇస్తారు.”

నాయన “అట్లయితే నాక్కూడా ఒకటి సూడు” అని మళ్ళీ నేతలో పడ్డాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు మాత్రం చర్రున కోపమొచ్చింది. అప్పట్లో నాకు ఊరికే కోపమొచ్చేది.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. మాది నేతపని ఇల్లు, సెంటు భూమి లేదు. నేను మాత్రం వ్యవసాయ డిప్లొమా చదివి, వేరుశెనగకు వచ్చే ఆకుమచ్చ తెగులును ముందుగా కనిపెట్టే పనిలో చేరాను. పని వినడానికి సులువే. పల్లెకు ఒక చేను ఎంచుకోవాలి. ఆ చేనులో అయిదు చోట్ల, చోటుకు అయిదు చొప్పున, పాతిక చెట్లకు గుర్తు కట్టాలి. వారం వారం అదే రోజు పోయి, అవే చెట్లకు ఆకులెన్ని, వాటిలో మచ్చ పడినవెన్ని అని పుస్తకంలో రాసుకోవాలి. మచ్చ పడిన ఆకులు ఒక హద్దు దాటగానే ఆఫీసుకు కబురిస్తే, ఆ పల్లెలో దండోరా వేయిస్తారు. అందరూ ఒకేసారి మందు కొడతారు.

ఆ మచ్చ మొదట అడుగు ఆకుల మీద వస్తుంది. నల్లటి చిన్న చుక్క, చుట్టూ పసుపుపచ్చ వలయం. అప్పుడే పట్టుకుంటే పంట దక్కుతుంది. ఆలస్యమైతే ఆకంతా రాలిపోయి, భూమిలో కాయ ఊరక తాలు మిగులుతుంది. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే తెగులుకు పండగే.

గుర్తు కట్టడానికి ఆఫీసువాళ్ళు రిబ్బన్ ఇస్తామన్నారు, ఇవ్వలేదు. చీర అంచులకు వాడగా మిగిలిన ఎర్రనూలు మా ఇంట్లో చిక్కులు చిక్కులుగా పడుండేది. అదే జేబుల నిండా కుక్కుకుని పోయాను. ఎంత వాన పడినా ఈ రంగు వదలదని నాయన గట్టిగా చెప్పాడు. నా ఉద్యోగం మీద ఆయనకు నమ్మకం లేదు గాని, ఆయన నూలు మీద ఆయనకు బోలెడు నమ్మకం.

నాకిచ్చిన పల్లె కార్వేటినగరం రోడ్డులో ఉంది. పుత్తూరులో గది తీసుకుని మంగళవారం మంగళవారం సైకిల్ మీద పోయేవాణ్ణి. చేను ఎంచుకోవడానికి పెద్దగా బుర్ర పెట్టలేదు. రోడ్డు పక్కన ఉంది, సైకిల్ ఆనించడానికి చింతచెట్టు ఉంది, చాలనుకున్నాను. ఆ చేను గలామెను పల్లెలో విత్తనాలవ్వ అనేవాళ్ళు.

అవ్వకు మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. రెండెకరాల మెట్ట చేను ఒంటిచేత్తో నడుపుకుంటూ, పల్లెకంతా విత్తనపు కాయ ఆమే ఇచ్చేది. ఆ పేరు ఆమె అత్త నుంచి ఆమెకు వచ్చింది. ఇంట్లో గోడ వారన మట్టిబానలు, పైన అటక మీద పాతచీర ముక్కల్లో మూటలు. చదువు రాదు. అందుకని మూటలకు ముడులే గుర్తు. మొదట పెరికిన కాయకు ఒక ముడి, రెండోసారి పెరికినదానికి రెండు, మూడోదానికి మూడు. ఒక మూటలో కాయ ఇంకో మూటలో కలిసిందంటే ఆ పూట ఆమె అన్నం ముట్టదని పల్లెలో చెప్పుకునేవాళ్ళు.

మొదటి రోజు నేను నూలు కడుతుంటే వచ్చి పక్కన నిలబడింది.

“ఈ ఎర్రదారం దేనికి సారూ? దిష్టికా?”

“కాదవ్వా. తెగులు కనిపెట్టేదానికి.”

“కనిపెట్టి?”

“పుస్తకంలో రాసుకుంటా. చేను ఎవరిది, ఏ చెట్టుకు ఎన్ని మచ్చలు, అన్నీ. ఆఫీసుకు పంపిస్తా. ఆపైన ఊర్లో దండోరా వేస్తారు.”

“నా పేరు సెప్పి వేస్తారా?”

“మొదట నీ చేన్లోనే కనపడితే నీ పేరే చెప్తారు మరి.”

ఈ మాట అనకుండా ఉండాల్సింది. దండోరాలో ఎవరి పేరూ చెప్పరు. పెద్ద ఆఫీసరులాగా కనపడాలన్న దురదతో ఆ ముక్క నేనే కలిపాను. తెగులు పట్టిన చేను కాయను విత్తనానికి ఎవరూ ఎత్తరు. అవ్వకు పల్లెలో ఉన్న బలమంతా ఆ విత్తనాల పేరే. నేను నోరు జారిన ఒక్క మాటతో అది పోతుందేమోనని ఆమెకు ఆ క్షణాన్నే భయం పట్టుకుంది. నాకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. నూలు సరిపోతుందా లేదా అని చూసుకుంటున్నాను.

మరుసటి మంగళవారం నుంచి నాకు రాచమర్యాదలు మొదలయ్యాయి. నేను పోయేసరికి అవ్వ చింతచెట్టు కింద మజ్జిగ చెంబుతో సిద్ధంగా ఉండేది. పక్కన దొప్పలో వేయించిన కాయలు, బెల్లం ముక్క. “ముందు ఇది తాగు సారూ. సెట్లు యాడికీ పోవు” అనేది. తాగి, తిని, మూతి తుడుచుకుని చేనులోకి దిగితే తనే ముందు నడిచేది. “ఇట్ల రా సారూ, ఆడ ముల్లుండాది.” “ఇట్లకాదు సారూ, ఆడ తేలు తిరగతా ఉండాది.” నా మీద ఎంత ప్రేమ అనుకున్నాను. ఆమె చూపించిన గెనిమ గట్టు మీదే పోయి, ఆ పాతిక చెట్లే చూసి, ఆ గెనిమ మీదే తిరిగొచ్చేవాణ్ణి. రూలు కూడా నా వైపే ఉంది. గుర్తు కట్టిన చెట్టు తప్ప ఇంకో చెట్టు చూడమని ఎక్కడా రాసి లేదు.

మచ్చ సున్నా. రెండోవారం సున్నా. మూడోవారం సున్నా. ముసురు పట్టి మూడు రోజులు వదలకుండా కురిసిన వారం కూడా సున్నా. చేను కళకళలాడుతుంటే ఇరుగుపొరుగు రైతులకు కన్నుకుట్టింది. “ఆ దారమేదో మాక్కూడా కట్టు సారూ, అవ్వ సేనుకేనా?” అని దారికి అడ్డం నిలబడేవాళ్ళు. జేబులో మిగిలిన నూలు తలా ఇంత కట్టి పుణ్యం కట్టుకున్నాను. ఆఫీసులో మా పెద్దసారు, “మీ పల్లెకు తెగులు దారి మర్చిపోయినట్టుందే” అని భుజం తట్టాడు. ఆ వారమంతా నేను గాల్లో తేలుతూ తిరిగాను.

అయిదోవారం నా కంటికి ఒక తేడా తగిలింది. నేత ఇంట్లో పుట్టినవాణ్ణి, ఎక్కడైనా ఒక పోగు తక్కువైతే కన్ను అక్కడే ఆగుతుంది. ఎర్రనూలు కట్టిన చెట్లు అడుగున బోడిగా ఉన్నాయి. బెత్తెడు ఎత్తు వరకు ఆకు లేదు. వంగి చూస్తే, కాడలు రాలినట్టు లేవు, ఎవరో గిల్లినట్టున్నాయి. చాలాసేపు ఆలోచించి నేను ఒక గొప్ప నిర్ణయానికి వచ్చాను. పుస్తకంలో మచ్చల గడిలో సున్నా రాసి, కింద “కుందేలు తింటున్నట్టు అనుమానం” అని రాశాను. మజ్జిగ తాగుతూ ఆ సంగతి అవ్వకు కూడా చెప్పాను.

“అవును సారూ, మా సెడ్డ కుందేలు” అంది అవ్వ, నా మొహం చూడకుండా.

పెద్దసారు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. “ఎర్రనూలు కట్టిన చెట్లే తినే కుందేలా? దాన్ని ఉద్యోగంలో పెట్టుకుంటే నీకంటే బాగా చేస్తుంది. పోయి చూసిరా.” ఆఫీసంతా ఘొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ వచ్చే సోమవారం మధ్యాహ్నమే, చెప్పాపెట్టకుండా బయలుదేరాను. సైకిల్ దూరంగా పడేసి గట్టు దిగి చూస్తే, కుందేలు చేను నడిమధ్య గొంతుకూర్చుని ఉంది. ఎర్రనూలు కట్టిన చెట్టును ఒక చేత్తో పైకెత్తి, పిల్ల తలలో పేలు చూసినట్టు ఆకు ఆకూ తిరగేసి, మచ్చ ఉన్నదాన్ని పుటుక్కున గిల్లి ఒళ్ళో వేసుకుంటోంది. ఒడి నిండిపోయింది.

“ఏం చేస్తా ఉండావవ్వా?”

ఆమె ఉలిక్కిపడింది. కానీ లేవలేదు. “రేపు నువ్వొస్తావు కదా” అంది.

“వస్తే?”

“సుట్టమొస్తా ఉంటే ఇల్లు ఊడ్సుకోమా?”

నేను అరిచిన అరుపుకు చింతచెట్టు మీది కాకులు లేచిపోయాయని తరువాత పల్లెలో చెప్పుకున్నారు. నా ఉద్యోగం పోతుందన్నాను. ఆఫీసులో నా పరువు తీశావన్నాను. పల్లెంతా మందు కొట్టకుండా కూర్చుంది నీ వల్లే అన్నాను. ఆ చివరి మాటకు అవ్వ తలెత్తింది.

“నా సేను సంగతి నేను సూసుకుంటా. పల్లెకేమైంది?”

“నీ చేను చూసే కదా పల్లెకంతా చెప్పేది!”

“అట్లని నాకు ఎవురు సెప్పినారు?”

నిజమే, ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ణి నేనే. నేను చెప్పిందల్లా ఆమె పేరు దండోరాలో వేస్తారన్న అబద్ధం ఒకటి. అవ్వ ఒడి బిగించుకుని లేచి, గబగబా పక్క చేనులోకి నడిచింది. నేను వెనకాలే పోయాను. అక్కడ ఒక చెట్టెత్తి చూసింది. అడుగు ఆకులన్నీ మచ్చలే. ఇంకోటి ఎత్తింది, అదీ అంతే. “ఈళ్ళకూ ఉండాదే!” అంది. ఆ మాటలో తన ఒక్కదానికే కాదన్న ఊరట ఉంది. ఆ వెంటనే మొహం పాలిపోయింది. ఆ చేలన్నిటిలో విత్తింది ఆమె కాయే.

నాకింకా అరవాలనే ఉంది. కానీ ఆమె చేతివేళ్ళ వంక చూసి ఆగిపోయాను. ఆకుపసరుతో గోళ్ళు నల్లబడి ఉన్నాయి. అమ్మ గోళ్ళు గుర్తొచ్చాయి. మా ఇంట్లో చీర మగ్గం దిగినాక, షావుకారు దగ్గరికి పోయేముందు, అమ్మ దాన్ని వాకిట్లో వెలుతురుకు పరుచుకుని కూర్చునేది. ముడి కనపడితే గిల్లేది, పోగు జారిన చోట గోటితో గీకి దగ్గరికి తెచ్చేది. షావుకారు చీర తిప్పి చూసి తప్పు పడితే నాయన తలవంచుకుని నిలబడతాడు, అది చూడలేక నాయనకు చెప్పకుండా చేసేది. తన నేతలో తప్పే పడదని నాయన ఇప్పటికీ నమ్ముతాడు. చీర రెండో కొస పట్టుకుని అమ్మ ఎదురుగా కూర్చున్నవాణ్ణి నేనే. అయినా అవ్వ చేసిన పని అయిదువారాలు నా కంటికి ఆనలేదు. సిగ్గేసింది. గొంతు తగ్గించాను.

“ఏరిన ఆకులు ఏం చేసినావు? దిబ్బలో వేసినావా?”

“తెగులాకు దిబ్బలో వేస్తారా ఎవురైనా? ఎరువుతో మళ్ళా సేన్లోకే కదా వచ్చేది.”

“ఆవుకు వేసినావా?”

“అదేం పాపం సేసింది?”

డిప్లొమా చదివినవాణ్ణి నేను. నోరు మూసుకుని ఆమె వెంట ఇంటికి నడిచాను. అవ్వ అటక మీద చెయ్యి పెట్టి ఒక్కో మూటా దించింది. పాతచీర ముక్కలతో కట్టిన అయిదు మూటలు. ఒకదానికి ఒక ముడి, ఒకదానికి రెండు, అట్లా అయిదు ముడుల దాకా.

“వారం వారం వేరేగా పెట్టినా. కలిపితే నాకు సరిపడదు” అంది, తప్పు చేసిన చిన్నపిల్లలాగా.

ఒక ముడి మూట విప్పితే రెండే రెండు ఎండాకులు. రెండు ముడులదానిలో గుప్పెడు. అయిదు ముడులది విప్పగానే చాప నిండా పరుచుకుంది. నా పుస్తకంలో ఆ పాతిక చెట్ల ఆకుల మొత్తం ఉంది. ఆమె మూటల్లో మచ్చ పడినవి, వారం వారానివి, ఒక్కటి పోకుండా ఉన్నాయి. రెండూ కలిపితే నేను అయిదువారాలు చెయ్యాల్సిన పని మొత్తం చాప మీద ఉన్నట్టే. ఆ సాయంత్రం దాకా ఇద్దరం లెక్కపెట్టాం. నేను రెండుసార్లు లెక్క తప్పాను, ఆమె తప్పలేదు. నాలుగో ముడి దాకా తెగులు హద్దు లోపలే ఉంది. అయిదో ముడి దగ్గర దాటింది. అంటే వారం ఆలస్యమైంది, అంతే. చేతిలో ఇంకా టైముంది.

నేను సైకిల్ ఎక్కుతుంటే అడిగింది. “దండోరాలో నా పేరు గట్టిగా సెప్తారా, మెల్లగా సెప్తారా?”

“ఎవరి పేరూ చెప్పరవ్వా. ఆ రోజు ఊరికే అన్నాను.”

అవ్వ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. “దీనికా నేను అయిదువారాలు నడుము పడేసుకునింది?” అని, సారూ అనడం ఆ నిమిషంతో మానేసింది.

మూడోరోజు దండోరా వేశారు. ఆకుమచ్చ వచ్చింది, అందరూ వెంటనే మందు కొట్టాలని. పెద్దసారు ముందే నాకు ఒక మెమో, “కుందేలు చిక్కిందంటనే” అని ఒక నవ్వు ఇచ్చి పంపాడు. దండోరా అయిపోయింది. పల్లెలో ఒక్కరూ కదల్లేదు. రచ్చబండ మీద కూర్చున్న పెద్దమనుషులు నా మొహాన్నే నవ్వారు.

“గవర్నమెంటు దారం కట్టిన సేన్లో ఒక మచ్చ లేదు. నువ్వే కదప్పా ప్రతివారం సున్నా అని సెప్పి పోతా ఉండావు? మాకెందుకు మందు?”

నిజం చెబితే అవ్వ పేరు పోతుంది, చెప్పకపోతే పల్లె పంట పోతుంది. అంతలో జనాన్ని పక్కకు తోసుకుంటూ అవ్వే వచ్చింది. అయిదు మూటలూ సంకలో ఉన్నాయి. రచ్చబండ మీద వరసగా పెట్టి విప్పింది.

“సూడండి. ఈ మచ్చలన్నీ నా సేన్లోవే. మొదట వచ్చింది నా సేన్లోనే. ఈ పిల్లోడికి కనపడకుండా ఏరేసింది నేనే. పోయి మీ సేన్లలో అడుగాకు తిరగేసి సూసుకోండి, ఉంటాది.”

మూటలు అక్కడే వదిలేసి ఇంటికి పోయింది. పోతుంటే నడుము వంగి ఉంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు నేను ఎవరి మీద అరవాలో తెలియక సైకిల్ బెల్లు మీద నా కోపమంతా చూపించాను.

పల్లె కదిలింది. మందు కొట్టారు. పంట పూర్తిగా దక్కిందని చెప్పను గాని, తాలు మిగలలేదు. అవ్వ చేను కూడా దక్కింది. కానీ ఆ తరువాత ఆమె ఇంటి ముందు నుంచి పోయేవాళ్ళు ముందులాగా ఆగి పలకరించడం తగ్గింది. మరుసటి ఏడు విత్తనానికి ఎవరైనా వస్తారా అని ఆమె నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోవడమే నాకు కష్టంగా ఉండేది.

మరుసటి ఏడు మొదటి వానలకు ముందు, ఆమె విత్తనాలిచ్చే రోజు కనుక్కుని పోయాను. వాకిట్లో మూటలు విప్పి, పక్కన కొలిచే పడి పెట్టుకుని కూర్చుని ఉంది. పొద్దు బారెడెక్కినా ఒక్కరూ రాలేదు. ఎదురింటి అరుగు మీద పదిమంది ఉన్నారు. అందరూ ఇటే చూస్తున్నారు, ఎవరూ లేవరు. అవ్వ ఊరికే ఒక్కో కాయ తీసి చూసి మళ్ళీ వేస్తోంది. నాకు ఉండబట్టలేదు.

“అవ్వా, నాకొక పడి కొలువు” అన్నాను, అందరికీ వినపడేట్టు.

“నీకు భూమి యాడుండాది?”

“లేదు. అయినా కావాల.”

మాది నేత ఇల్లని తెలిసినవాడెవడో అరుగు మీద అందుకున్నాడు. “సారు మగ్గం గుంటలో విత్తుతాడంటప్పా!” నవ్వులు. “మగ్గం తొక్కే పావుకోళ్ళ కింద కాయలు కాస్తాయి సూడు!” ఇంకా నవ్వులు. అవ్వ కూడా నవ్వాపుకోలేకపోయింది. నవ్వుతూనే పడి నిండా కొలిచి నా సంచిలో పోసింది. అందరికంటే గట్టిగా నవ్వినాయన, పక్క చేను రైతే, నవ్వు ఆపుకుంటూ లేచి వచ్చాడు. ఒక కాయ తీసి చిదిపి గింజ చూసి నోట్లో వేసుకున్నాడు.

“ఏరినవేనా అవ్వా?”

“కాయలైతే ఏరినా. ఆకులు ఏరను. ఈ తూరి మచ్చలు యాడివాడనే ఉంటాయి, వచ్చి సూసుకోండి.”

అతను కొంచెంసేపు నమిలి, “అందరి సేన్లలోనూ ఉండింది. సెప్పింది నువ్వొక్కదానివే” అని గోనెసంచి ఆమె ముందు పరిచాడు. మధ్యాహ్నానికి బానలు సగం ఖాళీ అయ్యాయి.

నా పడి కాయలు నగరి చేరాయి. గుప్పెడు తప్ప అన్నీ అమ్మ ఉడకేసింది. మిగిలినవి మగ్గం ఇంటి వెనక పెరట్లో నాటింది. పన్నెండు చెట్లు మొలిచాయి. నేను ఊరికే సరదాకు వాటికీ ఎర్రనూలు కట్టి, ఆకుమచ్చ అంటే ఏందో, అడుగాకు ఎందుకు చూడాలో అమ్మకూ నాయనకూ పెద్ద ఉపన్యాసమిచ్చి పోయాను.

నెలన్నర తరువాత ఒక శనివారం ఇంటికి వచ్చి పెరట్లోకి పోతే, పన్నెండు చెట్లూ అడుగున బోడిగా ఉన్నాయి. అమ్మ తలుపు దగ్గర నిలబడి నా మొహం వంకే చూస్తోంది.

“యాడమ్మా ఆకులు?”

“నువ్వొస్తావు కదా అని...”

నేను అరవలేదు. “ఏరినవి పారెయ్యలేదు కదా?” అని అడిగాను. లోపల నాయన మగ్గం ఆగింది. అమ్మ ఒకసారి లోపలికి చూసి, మచ్చల ఆకులు దాచిన కొంగు ముడి మెల్లగా విప్పింది.